నొప్పుల మందుకూ పసికందు కామెర్లకూ సంబంధం ఉందా?

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలోనైనా, మన విజయవాడలోనైనా కాన్పు అయిన ఇంట్లో తలెత్తే అనుమానం ఒకటే: “నొప్పులు రావడానికి మందు ఎక్కించారు, అందుకేనా బిడ్డ ఒళ్లు పచ్చబడింది?” ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. దీనికి జవాబు వెతికిన పరిశోధనల్లో ఒకటి ఢిల్లీలోనే జరిగింది.

నొప్పులు రప్పించడానికి ఎక్కువగా వాడే మందు ఆక్సిటోసిన్. ఇది శరీరంలో సహజంగా ఉండే హార్మోనే. 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యూకు 1955లో నోబెల్ బహుమతి లభించింది. 1970లలో, ఈ మందుతో జరిగిన కాన్పుల్లో పుట్టిన శిశువులకు కామెర్లు ఎక్కువగా వస్తున్నాయని వైద్యులు గమనించారు.

ఎయిమ్స్ వైద్యులు సునీత్ సింఘీ, మెహర్బాన్ సింగ్ 1979లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ఒక కారణం చూపింది. ఆక్సిటోసిన్‌కు ఒంట్లో నీటిని నిలిపే గుణం ఉంది. ఉప్పు లేని గ్లూకోజ్ ద్రావణంలో కలిపి ఎక్కువసేపు ఎక్కిస్తే తల్లి రక్తంలో సోడియం తగ్గుతుంది. మాయ ద్వారా ఆ ప్రభావం బిడ్డకూ చేరుతుంది. అప్పుడు నీళ్లలో వేసిన ఎండుద్రాక్షలా ఎర్ర రక్తకణాలు ఉబ్బి, త్వరగా చిట్లిపోతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ విచ్ఛిన్నమై బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఏర్పడుతుంది.

అలాగని నేరమంతా మందుదే కాదు. నెలలు నిండి పుట్టిన శిశువుల్లోనూ దాదాపు 60 శాతం మందిలో తొలివారం పచ్చదనం కనిపిస్తుంది. వారి ఎర్రకణాల ఆయుష్షు తక్కువ, బిలిరుబిన్‌ను బయటికి పంపే కాలేయం ఇంకా పూర్తిగా సిద్ధం కాదు. నెలలు నిండకముందే నొప్పులు రప్పిస్తే ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. తల్లీబిడ్డల రక్తం గ్రూపులు పొసగకపోవడం, పాలు చాలకపోవడం కూడా కారణాలే.

కాబట్టి అవసరమైనప్పుడు ఈ మందుకు భయపడనక్కర్లేదు. ఉప్పు కలిసిన సెలైన్‌లో, తగిన మోతాదులో ఇస్తే సోడియం పడిపోయే ముప్పు తగ్గుతుంది.

అసలు జాగ్రత్త ఇంటికి వెళ్లాకే కావాలి. బిలిరుబిన్ సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. అప్పటికి చాలామంది ఆసుపత్రి నుంచి వచ్చేసి ఉంటారు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపించినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. బిలిరుబిన్ మితిమీరి మెదడుకు చేరితే వినికిడి పోవచ్చు, మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. సకాలంలో ఇచ్చే నీలికాంతి చికిత్స దీన్ని నివారిస్తుంది. బిడ్డను ఎండలో పడుకోబెట్టడం ఆ చికిత్సకు సాటి రాదు.