దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిన కొత్త మనిషి

కొత్త చోట మనిషి తడబడేది పెద్ద విషయాల దగ్గర కాదు. కోచింగ్ ఫీజు ఎంత, జీతం ఎంత, అద్దె ఎంత అన్నవి ఊళ్లో ఉండగానే నలుగురిని అడిగి, లెక్క వేసుకుని బయల్దేరతారు. ఎవరూ అడగనివి, అడగాలని తట్టనివి మరికొన్ని ఉంటాయి. సిటీ బస్సు ఏ తలుపు దగ్గర ఎక్కాలి, మెట్రో టికెట్టు ఎక్కడిదాకా దాచుకోవాలి, ఇంటి ఓనరు మొదట ఏం అడుగుతాడు, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుంది? చిన్న చిన్న ఆశ్చర్యాలన్నీ వీటి చుట్టూనే పుడతాయి. హైదరాబాద్ తూర్పు వైపున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాల్లో ఇది రోజూ కళ్లకు కనబడే సంగతి. విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవాళ్లు, నాగార్జునసాగర్ రోడ్డు మీద వచ్చేవాళ్లు నగరంలో మొదట దిగేది ఇక్కడే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకు హైదరాబాద్ అంటే ముందుగా ఈ నాలుగైదు కిలోమీటర్ల రోడ్డే.

ఆశ్చర్యం ఎందుకు కలుగుతుందో శాస్త్రవేత్తలు కొంతవరకు తేల్చారు. తర్వాత ఏం జరగబోతోందో మెదడు ఎప్పటికప్పుడు ఊహిస్తూ ఉంటుంది. ఊహించినట్టే జరిగితే పెద్దగా పట్టించుకోదు, తేడా వస్తే ఉలిక్కిపడుతుంది. వోల్ఫ్రామ్ షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ అనే ముగ్గురు 1997లో ‘సైన్స్’ పత్రికలో ఈ విషయాన్ని వివరించారు. అనుకోకుండా పండ్ల రసం దొరికినప్పుడు కోతి మెదడులోని డోపమైన్ కణాలు ఒక్కసారిగా చురుగ్గా స్పందించాయి. ఫలానా గుర్తు కనబడితే రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక, అదే రసం వచ్చినా ఆ కణాల్లో కదలిక లేదు. సొంత ఊళ్లో మనిషికి అడుగడుగునా ఇలాంటి గుర్తులు తెలుసు. అవేవీ పనికిరాని చోటికి రాగానే ప్రతిదీ కొత్తగా తోస్తుంది, సాయంత్రానికి ఏ పనీ చేయకపోయినా ఒళ్లు అలిసిపోతుంది. 1950లలో ‘కల్చర్ షాక్’ అనే మాటకు ప్రచారం తెచ్చిన మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబర్గ్ కూడా దీన్నే చెప్పాడు. రోజువారీ మెలగడానికి ఆసరాగా ఉండే పరిచిత సంకేతాలన్నీ ఒకేసారి చేజారితే పుట్టే కలవరం అది. అందుకు దేశం దాటనక్కర్లేదు, కోదాడ నుంచి కొత్తపేట వచ్చినా చాలు.

మొదటి చిక్కు అడ్రసుతో వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్ల నంబర్లు 16-11తో మొదలవుతాయి. అది పాత హైదరాబాద్ కార్పొరేషన్ లెక్క. కాస్త ముందుకు వెళ్తే ఆ వరస తెగిపోయి వేరే అంకెలు కనిపిస్తాయి. గడ్డిఅన్నారం, ఎల్బీ నగర్ ఒకప్పుడు విడివిడి మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్‌లో మొత్తం 12 మున్సిపాలిటీలు నగరంలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఏర్పడినప్పుడే ఇవీ కలిశాయి. పరిపాలన ఒక్కటైనా గోడల మీది పాత నంబర్లు అలాగే ఉండిపోయాయి. నంబరు పట్టుకుని ఇల్లు వెతికేవాడికి ఒకే రోడ్డు మీద రెండు మూడు ఊళ్లు తగులుతున్నట్టుంటుంది.

అందుకే ఇక్కడ ఎవరూ నంబరుతో దారి చెప్పరు. ‘కోణార్క్ థియేటర్ పక్క సందు’, ‘సాయిబాబా గుడి వెనక’, ‘మెట్రో పిల్లర్ నంబరు ఫలానా ఎదురుగా’ అంటారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. రోడ్డు మధ్యన వరుసగా నిలిచిన స్తంభాల మీది అంకెలు క్రమంగా దుకాణాల బోర్డుల్లోకి, విజిటింగ్ కార్డుల్లోకి ఎక్కాయి. వంతెన కట్టిన ఇంజినీర్ల లెక్క కోసం వేసిన నంబర్లు జనం వాడే చిరునామాలైపోయాయి. కెవిన్ లించ్ అనే నగర ప్రణాళికావేత్త 1960లో ‘ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ’ పుస్తకంలో ఇందుకు కారణం వివరించాడు. దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు అనే ఐదింటితో మనిషి తన మనసులో నగరం బొమ్మ గీసుకుంటాడని ఆయన పరిశీలన.

ఆనవాళ్లతో ఒక ఇబ్బంది ఉంది. అవి పోయినా పేర్లు పోవు. ‘పండ్ల మార్కెట్ దగ్గర దిగు’ అని చుట్టాలు ఫోన్‌లో చెబుతారు. దిగి చూస్తే పండ్లూ లేవు, లారీలూ లేవు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో విజయవాడ రోడ్డు మీద ఉన్న బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రి నిర్మాణానికి 2022లో శంకుస్థాపన జరిగింది. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల మనసులోని బొమ్మలో మార్కెట్ ఇంకా అక్కడే ఉంది. ఎల్బీ నగర్ రింగ్ రోడ్డు, సాగర్ రింగ్ రోడ్డు అని దగ్గర దగ్గరే రెండు కూడళ్లు ఉండటం ఇంకో తికమక. ఒకచోట దిగాల్సినవాళ్లు ఇంకోచోట దిగి, సంచులు మోసుకుంటూ ఫ్లైఓవర్ల కింద దారి వెతుక్కోవడం మామూలే.

బస్సుకు బస్సు తీరు వేరు. జిల్లా బస్సులో ఆడవాళ్లకు కొన్ని సీట్లు కేటాయిస్తారు. సిటీ ఆర్డినరీలో ముందు సగం ఆడవాళ్లది, మగవాళ్లు వెనక తలుపు దగ్గర ఎక్కాలన్నది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అది తెలియక ముందు తలుపు పట్టుకున్న కుర్రాడికి కండక్టరు నుంచి మొదటి పాఠం అందుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా చేతిలో ‘జీరో టికెట్’ ఉండాలి, అది ఇవ్వాలంటే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఒకే హాస్టల్ గదిలో ఉండే ఇద్దరమ్మాయిల్లో మిర్యాలగూడ అమ్మాయికి ఛార్జీ లేదు, నందిగామ అమ్మాయికి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంలో ఈ లెక్క తిరగబడుతుంది. మెట్రోలో ఎక్కువమంది పొరబడేది దిగేటప్పుడు. లోపలికి వచ్చాక ఇక పని లేదనుకుని టికెట్టు పారేస్తారు. బయటికి వెళ్లే గేటు కూడా దాన్ని స్కాన్ చేస్తేనే తెరుచుకుంటుంది.

గేటు తెరుచుకోక నిలబడ్డ ఆ కాసేపూ అందరూ తననే చూసి నవ్వుకుంటున్నారని అనిపిస్తుంది. నిజంగా చూసేవాళ్లు తక్కువ. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం ఈ సంగతిని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించింది. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను ఒక్కొక్కరిగా ఓ గదిలోకి పంపారు. గదిలోని వాళ్లలో దాదాపు సగం మంది తమ చొక్కా మీది బొమ్మను గమనించి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. గమనించింది పావు వంతు లోపే. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది.

ఇల్లు వెతకడం అన్నింటికన్నా పెద్ద పరీక్ష. చైతన్యపురి, కమలానగర్, సరూర్‌నగర్, వనస్థలిపురం సందుల్లో గేట్లకు ‘టులెట్’ బోర్డులు వేలాడుతుంటాయి. కొన్నింటి కింద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అనో, ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అనో రాసి ఉంటుంది. ఇల్లు చూడబోయినవాళ్లు గదులు, నీళ్లు, గాలి గురించి అడగాలనుకుంటారు. ఓనరమ్మే ముందు మొదలుపెడుతుంది. ‘ఏ ఊరు మీది? ఎంతమంది ఉంటారు? ఉద్యోగం ఎక్కడ? చుట్టాలు బాగా వస్తుంటారా? నీసు వండుతారా?’ ఒక్కో ప్రశ్నకూ ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు చెబుతూ వెళ్లాక చివర్లో మెల్లగా కులం ప్రశ్న వస్తుంది, ‘మీరేమిట్లు?’ అని. ఊళ్లో ఈ ప్రశ్న ఎవరూ వేయరు, ఎందుకంటే అక్కడ ముందే తెలుసు. నగరంలో ఎవరికీ పట్టదనుకుని వచ్చినవాళ్లకు ఇది చేదు ఆశ్చర్యం. ఇల్లు అద్దెకివ్వడానికి కులంతో పని లేదు. అద్దె సమయానికి కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అన్నవి అడిగితే చాలు. ఈ కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కూడా ఒకనాడు ఇదే రోడ్డు మీద పెట్టెతో దిగి, ఇలాగే గేటు ముందు నిలబడినవాళ్లే. అది గుర్తుంటే ఆ ప్రశ్న నోటిదాకా రాకూడదు.

మాట కుదిరాక కాగితాలు వస్తాయి. అగ్రిమెంటు ఏడాదికి కాకుండా 11 నెలలకే ఎందుకు రాస్తారన్నది చాలామందికి అంతుచిక్కదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా చూసుకోవడానికే 11 నెలల లెక్క. అద్దె కాక మెయింటెనెన్స్ అని ఇంకొకటి ఉంటుంది. లిఫ్టు, వాచ్‌మన్, నీళ్ల మోటారు ఖర్చు అందులోకి వస్తుంది. నీళ్లు రెండు రకాలు: బోరు నీళ్లు, మంచినీళ్లు. మంచినీళ్లను ఇక్కడ ‘కృష్ణా వాటర్’ అంటారు. నాగార్జునసాగర్ జలాలు నల్గొండ జిల్లా కోదండాపురంలో శుద్ధి అయి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, ఎల్బీ నగర్‌కు దగ్గర్లోని సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరతాయి. 2004లో మొదలైన ఏర్పాటు ఇది. నల్గొండ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బిందెలో పట్టుకునేది తమ జిల్లా మీదుగా వచ్చిన నీళ్లనే. కాకపోతే అవి ఎప్పుడు వస్తాయో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవాలి. చాలామందికి నగరంలో మొదటి పరిచయం ఆ మాటతోనే మొదలవుతుంది.

కరెంటు బిల్లు ఓనరు పేరున వస్తుంది, కట్టేది అద్దెకున్నవాళ్లు. గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్నవాళ్లకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఇస్తున్నారు. కిరాయిదారులకూ ఇది వర్తిస్తుంది. అయితే రేషన్ కార్డు ఉండాలి, ఆధార్‌ను మీటరు సర్వీసు నంబరుకు జోడించాలి. 200 దాటిందంటే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. ఊళ్లో నాన్న చూసుకునే ఈ లెక్కలు ఇరవై ఏళ్ల పిల్లల నెత్తిన ఒకేసారి పడతాయి. గ్యాస్ కనెక్షనుకు చిరునామా పత్రం లేదన్న బెంగ మాత్రం అక్కర్లేదు. ఇండియన్ ఆయిల్ ‘ఛోటూ’ పేరుతో అమ్మే 5 కిలోల సిలిండరుకు గుర్తింపు కార్డు ఒక్కటి చాలు.

పొయ్యి ఉన్నా కూర వండే ఓపిక అందరికీ ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కర్రీ పాయింట్లు బతుకుతున్నది ఆ ఓపిక లేనివాళ్ల మీదే. సాయంత్రం ఏడు దాటితే స్టీలు గిన్నెలు వరుసగా తెరుచుకుంటాయి. పప్పు, సాంబారు, వంకాయ, దొండకాయ వేపుడు, పప్పుచారు, గోంగూర పచ్చడి. గరిటెతో తీసి పల్చటి కవరులో పోసి, కవరు మూతిని మెలితిప్పి, దారం చుట్టి చేతికిస్తారు. ఇంట్లో అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. కూర కొనుక్కోవడమేమిటని మొదటివారం అనిపించినవాళ్లకు నెల తిరిగేసరికి ఏ పాయింటులో పప్పు చిక్కగా ఉంటుందో, ఏ పాయింటులో ఉప్పు ఎక్కువో తెలిసిపోతుంది. గిన్నెల వెనక గరిటె పట్టుకున్న మనిషి ‘అన్నా, ఇయ్యాల బెండకాయ మంచిగుంది’ అన్న రోజున కొత్త మనిషికి ఈ పేటలో ఒక గుర్తింపు వచ్చినట్టే.

పక్క ఫ్లాటు వాళ్లు పలకరించకపోవడం మనసును ఎక్కువ కష్టపెడుతుంది. కొత్తవాళ్లు దాన్ని గర్వం అనుకుంటారు. జర్మన్ సమాజశాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1903లోనే నగరవాసి ముభావం గురించి రాశాడు. రోజంతా మీద పడే దృశ్యాలు, శబ్దాలు, మనుషుల నుంచి మనసును కాచుకోవడానికే అలా ఉంటారని ఆయన వాదన. అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లో దీన్నే ఇంకా విస్తరించాడు. ఆ తర్వాత న్యూయార్క్ పరిసరాల్లోని రైల్వే స్టేషన్లలో ఆయన విద్యార్థులు పరిశీలన చేస్తే, ఒక్కో ప్రయాణికుడు సగటున నలుగురిని ముఖం చూసి గుర్తుపట్టాడు, కానీ వాళ్లతో ఎన్నడూ మాట్లాడలేదు. వీళ్లను ‘పరిచయమైన అపరిచితులు’ అన్నాడు మిల్‌గ్రామ్. వీళ్లే దూరాన ఎక్కడైనా తారసపడితే ఆత్మీయంగా పలకరించుకుంటారని కూడా గమనించాడు. చైతన్యపురి స్టేషనులో ఏడాదిపాటు ఎదురెదురుగా నిలబడి నోరు విప్పని ఇద్దరు తిరుమల క్యూలో కలిస్తే ‘మీరు చైతన్యపురి కదూ’ అంటారు.

కొత్త బాధ్యతల్లో బరువైనది ఆసుపత్రిలో ఎదురవుతుంది. ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఆసుపత్రులకు జిల్లాల నుంచి రోగులు వస్తుంటారు. నగరంలో ఉన్నాడు కదా అని కొడుకునో, మేనల్లుడినో తోడుగా రమ్మంటారు. నిన్నటిదాకా హాల్ టికెట్ల మీద తప్ప సంతకం చేయని పిల్లాడి ముందు సమ్మతి పత్రం పెడతారు. చేయి వణకడం సహజం. ఆ కాగితం అర్థం తెలిస్తే వణుకు కొంత తగ్గుతుంది. రోగి పెద్దవాడై, స్పృహలో ఉండి, నిర్ణయం తీసుకోగలిగితే సమ్మతి ఇవ్వాల్సింది రోగే. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషనుకు చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఏం చేయబోతున్నారో, ప్రమాదం ఎంతో, వేరే దారి ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టడం హక్కు. అది అడిగినందుకు ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

ఎన్నాళ్లకు అలవాటవుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. దారి మాత్రం త్వరగా దగ్గరవుతుంది. వెళ్లేటప్పుడు పొడుగ్గా తోచిన దారి తిరుగు ప్రయాణంలో పొట్టిగా అనిపించడాన్ని నెదర్లాండ్స్ పరిశోధకుడు నీల్స్ వాన్ డె వెన్, ఆయన సహచరులు 2011లో పరిశీలించారు. మొదటిసారి ప్రయాణం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టినట్టు తోస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అంచనాయే పెరిగి ఉంటుంది కాబట్టి దూరం తగ్గినట్టుంటుందని వాళ్లు తేల్చారు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆశ్చర్యం అటువైపు నుంచి వస్తుంది. పండగ ముందు రాత్రుళ్లు ఎల్బీ నగర్‌లో విజయవాడ బస్సుల కోసం జనం సంచులతో రోడ్డు పొడుగునా నిలబడి ఉంటారు. ఊరు చేరాక వీధి ఇరుకైనట్టు, పొద్దు గడవనట్టు, ప్రతివాళ్లూ ‘ఎప్పుడొచ్చావ్, ఎన్నాళ్లుంటావ్’ అని అడగడం ఎక్కువైనట్టు అనిపిస్తుంది. సొంతచోటికి తిరిగి వచ్చినప్పుడు కూడా మరోసారి ఇలా సర్దుకోవాల్సి వస్తుందని జాన్ గల్లాహార్న్, జీన్ గల్లాహార్న్ దంపతులు 1963లో రాశారు. పెద్దవాళ్లు దీన్ని ‘పట్నం పోయి మారిపోయాడు’ అంటారు. ఏ మార్పు వచ్చిందో ఇంట్లోవాళ్లకు తెలిసేది ఆ పిల్లాడు పొద్దున్నే లేచి తన బట్టలు తను ఉతుక్కున్నప్పుడు, కరెంటు బిల్లు తీసి యూనిట్లు ఎన్ని కాలాయో చూసినప్పుడు.