నేటికాలమున కోట కట్టినవారు

గోలకొండ చూచుటకు వచ్చిన విద్యార్థులు మొట్టమొదట చేయు పని ఫతే దర్వాజా క్రింద నిలిచి చప్పట్లు కొట్టుట. ఆ చప్పుడు కొండమీది బాలా హిస్సారు వరకు వినవచ్చునని ఉపాధ్యాయుడు చెప్పును. సగము మంది చెవులు రిక్కింతురు. తక్కిన సగము మంది పల్లీలు తిందురు. ఒక పర్యాయము ఇట్టి బృందముతో మెట్లెక్కుచుండగా ఒక కుఱ్ఱవాడు నన్ను, "ఇప్పుడెవరన్నా ఇట్లాంటి కోట కట్టుకోవచ్చా మాస్టారూ?" అని అడిగెను. కట్టుకొనుటకు చట్టము అడ్డురాదు గాని డబ్బు అడ్డువచ్చునని చెప్పి తప్పించుకొంటిని. ఇంటికి వచ్చిన పిదప ఆ సమాధానము నాకే నచ్చలేదు. ఏలయన, ఇరువదవ శతాబ్దమున నిజముగా కోట కట్టుకొన్నవారు కలరు. ఆ కుఱ్ఱవానికి వారి కథ చెప్పవలసియుండెను.

కోట యనగా శత్రువునుండి కాచుకొనుటకు కట్టుకొన్న ఇల్లు. ఫిరంగి వచ్చిన నాటినుండి ఆ ప్రయోజనము క్రమముగా సన్నగిల్లెను. గోలకొండ గోడలు 1687లో ఔరంగజేబు సైన్యమునకు సుమారు ఎనిమిది నెలలు తాళినవి. కడకు తలుపు లోపలినుండియే తెరువబడెను. ఇక విమానములును, బాంబులును పుట్టిన శతాబ్దములో రాతిబురుజు ఎవరిని కాపాడగలదు? అయినను ఇంగ్లండులో జూలియస్ డ్రూ అను వర్తకుడు 1911 ఏప్రిల్ 4వ తేదీన, తన పుట్టినరోజున, ఒక కోటకు శంకుస్థాపన చేసెను. అతనికి శత్రువులెవరును లేరు. అతనికి కావలసినది రక్షణ కాదు, వంశము.

డ్రూ 1856లో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. చిన్నవయసుననే టీ వ్యాపారమున ప్రవేశించి, చైనాదేశమునకు పోయి టీఆకు కొనుగోలు చేయుట నేర్చుకొనెను. స్వదేశమునకు తిరిగివచ్చి, ఒక భాగస్వామితో కలిసి హోమ్ అండ్ కలోనియల్ స్టోర్స్ అను పచారీ దుకాణముల సంస్థను నెలకొల్పెను. ఊరూర శాఖలు వెలసినవి. ముప్పదిమూడవ ఏట అతడు వ్యాపారమునుండి విశ్రాంతి తీసికొనెను. మనలో పలువురికి ఆ వయసునకు ఉద్యోగము ఖాయమగుటయే గగనము!

ధనము వచ్చిన పిదప మానవునకు తాతముత్తాతలు జ్ఞప్తికి వత్తురు. మన దేశమున భట్రాజులు చేసిన పనిని అతనికి ఒక వంశచరిత్రకారుడు చేసిపెట్టెను. పండ్రెండవ శతాబ్దమున డెవన్ సీమలో డ్రోగో అను నార్మన్ ప్రభువు ఉండెననియు, డ్రూస్‌టేన్టన్ అను గ్రామమునకు ఆ ప్రభువు పేరే వచ్చెననియు, మన వర్తకుడు ఆ ప్రభువు సంతతివాడేననియు తేల్చెను. ఈ వంశవృక్షము వేళ్ళు ఎంత గట్టివో మనకేల? డ్రూ నమ్మెను. ఆ గ్రామము చెంతనే భూమి కొనెను. డార్ట్‌మూర్ మెట్ట అంచున, టీన్ నది లోయపైకి వ్రేలాడునట్లున్న ఒక కొండకొమ్మును ఎంచుకొని, అచ్చట పూర్వుల పేర డ్రోగో కోట కట్ట సంకల్పించెను.

అందులకు నియమించిన వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. ఢిల్లీలోని రాష్ట్రపతి భవనము ఆయన కల్పనయే. అదే నగరమున ఏడవ నిజామునకై సీతాకోకచిలుక రెక్కల ఆకృతిలో హైదరాబాదు హౌసు నిర్మించినవాడును ఆయనయే. కోటకు శంకుస్థాపన జరిగిన సంవత్సరముననే, డిసెంబరు మాసమున, రాజధానిని ఢిల్లీకి మార్చునట్లు దర్బారులో ప్రకటింపబడెను. తరువాతి ఇరువది యేండ్లు లట్యెన్స్ బల్లపై ఒకవైపు ఒక సామ్రాజ్యపు రాజధాని, మరియొకవైపు ఒక పచారీ వర్తకుని కోట ఉండెనన్నమాట. ఆయనకు మొదట ఈ కోట పని అంతగా రుచింపలేదు. ఈయనకు కోట బదులు పెద్దపెద్ద గదులుగల హాయియైన ఇల్లొకటి కావలసియున్న ఎంత బాగుండెడిదని భార్యకు లేఖ వ్రాసికొనెను. అయినను పని చేపట్టిన పిదప మనసంతయు అందే పెట్టెను.

డ్రూ కేటాయించిన సొమ్ము కోటకు 50,000 పౌనులు, తోటకు 10,000 పౌనులు. తొలి చిత్రపటములలోని కోట బ్రహ్మాండమైనది. నడుమ విశాలమైన ముంగిలి, మూడువైపుల రాతిసౌధములు, ఒక మహాసభాశాల, ముందొక ద్వారబురుజు. కొంత పని సాగిన తరువాత యజమానికి ఒక సందేహము కలిగెను: గోడలు రెండు పొరలుగా నడుమ సందుతో కట్టినచో అది నిజమైన కోట యగునా? కాదు, గోడ నిండుగా గ్రానైటు రాయియే ఉండవలెనని పట్టుపట్టెను. వ్యయము పెరిగెను. పథకము తగ్గించక తప్పలేదు. ద్వారబురుజు ఎట్లుండునో చూపుటకు లట్యెన్స్ కఱ్ఱతో, నిజమైన కొలతలతో, ఆ స్థలముననే ఒక నమూనా నిలువబెట్టించెను. డ్రూ దానిని చూచి వలదనెను. వాస్తుశిల్పి హృదయము ఎంత నొచ్చెనో ఊహింపవచ్చును గాని, ఇల్లు కట్టుకొనువారు నేర్వదగిన జాగ్రత్త ఇందు కలదు. కఱ్ఱ నమూనా విప్పివేయుట ఒక పూటపని. రాతిబురుజు విప్పుట తరతరముల అపకీర్తి. తుదకు తొలి పథకమున సుమారు మూడవ వంతు మాత్రమే నిలిచెను. మహాసభాశాలకు అడుగున కట్టిన నేలమాళిగ మాత్రము అప్పటికే లేచియుండెను. దానిని ప్రార్థనామందిరముగా మార్చిరి. మన ఫలక్‌నుమా కథ ఇంతకంటె విషాదకరము. దానిని కట్టించిన వికారుల్ ఉమ్రా అప్పులలో చిక్కుకొని ఆ సౌధమును ఆరవ నిజామునకు అప్పగించవలసివచ్చెను. డ్రూ వర్తకుడు గనుక ఎక్కడ ఆగవలెనో ఎరిగినవాడు.

అయితే డబ్బు లెక్కకు అందనిది మరొకటి కలదు. 1914లో యుద్ధము వచ్చెను. పనివారిలో పలువురు సైన్యమున చేరిరి. డ్రూ జ్యేష్ఠకుమారుడు ఏడ్రియన్ సైతము యుద్ధమునకు పోయి, 1917 జూలైలో ఈప్ర్ చెంత మరణించెను. వంశమును శాశ్వతము చేయుటకు తండ్రి కొండపై గోడలు లేపుచున్నాడు; ఆ గోడల వారసుడు బెల్జియము బురదలో కూలిపోయినాడు. కోటలో ఒక చిన్న గదిని ఏడ్రియన్ జ్ఞాపకములకై ప్రత్యేకించిరి. పది అడుగుల బురుజు గోడకంటె ఆ గది బరువైనదని నాకు తోచును. నిర్మాణము ఆగలేదు గాని, దాని వెనుకనున్న ఉత్సాహము ఆ యేటితో ఆరిపోయెనని చెప్పుట సాహసము కాదు. 1930లో కోట పూర్తియైనది. 1931లో డ్రూ గతించెను. క్రొత్త ఢిల్లీకి ప్రారంభోత్సవము జరిగినదియు ఆ సంవత్సరముననే.

కట్టిన కోట ఎట్లున్నది? సింహద్వారమున ఎత్తి దింపగల ఇనుప కటకటాల తలుపు వ్రేలాడుచున్నది. అది అలంకారము కాదు, నిజముగా పనిచేయును. వంటయింటికి ప్రక్కగోడలలో కిటికీలు లేవు. నడినెత్తిన గుండ్రని గాజు గవాక్షమునుండి వెలుగు దిగును, దాని క్రింద అదే గుండ్రని ఆకృతిలో వంటబల్ల. విద్యుత్తునకు టీన్ నదీజలముతో తిరుగు యంత్రములను అమర్చిరి. మధ్యయుగపు బురుజులలో విద్యుద్దీపములు! దీనిని చూచి నవ్వువారు కలరు. నాకు మాత్రము నవ్వు రాదు. తాతగారి పీటపై కూర్చుండి మనుమడు రేడియో వినుట తప్పా?

తప్పు మరియొకచోట జరిగెను, అది కప్పులో. కోట బురుజులపై వాలు కప్పు కనబడరాదు గనుక లట్యెన్స్ చదునైన కప్పులు వేసి, నీరు దిగకుండ ఆస్ఫాల్టు, అనగా ఒక విధమైన తారు, పరపించెను. ఆనాటికది నవీనమైన పదార్థము. డార్ట్‌మూర్‌పై గాలివానకు కొదువలేదు. తారుపొర ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. దానిని పట్టియున్న గ్రానైటు ఆ లెక్కలో కదలదు. రెంటికిని పొత్తు కుదరక పగుళ్ళు వచ్చును. పగులున చేరిన నీరు తిన్నగా క్రిందికి దిగదు. గోడ కడుపులో నడచి నడచి ఎక్కడనో తేలును. మన డాబా ఇండ్లవారికి ఈ బాధ వివరింపనక్కరలేదు. కప్పు ఒక మూల చెమ్మగిల్లును, మేస్త్రి మరొక మూల సిమెంటు పూయును, మరుసటి వానకు రెండు మూలలును కారును. డ్రోగో కోట తొలినాళ్ళనుండియు కారుచునేయున్నది. కుటుంబమువారు 1974లో దానిని నేషనల్ ట్రస్టు అను జాతీయ సంరక్షణ సంస్థకు ఇచ్చివేసిరి. దానితోపాటు ఆ కారుటను గూడ ఇచ్చిరి. 2013లో ఆ సంస్థ భారీయెత్తున మరమ్మతు తలపెట్టి, పైవరుసల రాళ్ళను విప్పించి, సాగి ముడుచుకొనగల క్రొత్త పొరను పరపించి, కిటికీలను ఊడదీసి సరిచేయించవలసివచ్చెను. వ్యయము కోటి పౌనులకు మించెను. కట్టిన సొమ్మెంత, కాపాడిన సొమ్మెంత! కాలముతో పౌను విలువ మారినమాట నిజమే. అయినను లెక్కల మాస్టర్లు ఈ రెండంకెలను తరగతిలో ఉపయోగించుకొనవచ్చును.

డ్రూ పాత రూపమును తీసికొని క్రొత్త పదార్థముతో కప్పెను. అసలు పాతవారు ఎట్లు కట్టిరో అట్లే కట్టి చూచినచో? ఈ ప్రశ్న ఫ్రాన్సులో మిషెల్ గియో అనునతనికి కలిగెను. అతడు 1979లో సాన్‌ఫార్జో అను శిథిలమగుచున్న కోటను కొని బాగుచేసినవాడు. ఆ కోట ఎఱ్ఱ ఇటుకగోడల లోపల మరియొక ప్రాచీన రాతికోట దాగియున్నదని పరిశోధకులు కనుగొనిరి. ఆ రాతికోటను మరల కట్టిన ఎట్లుండునని గియోకు తోచెను. మారిలీన్ మార్తాఁ మొదలైనవారు తోడైరి. బర్గండీ ప్రాంతపు అడవిలో గెడెలాన్ అను చోట, పాడువడిన ఒక రాతిగని దొరకెను. రాయి అచ్చటనే, ఓకు చెట్లు అచ్చటనే, ఇసుక, బంకమన్ను, నీరు అచ్చటనే. 1997లో తొలిరాయి పడెను. నియమమొక్కటే: పదమూడవ శతాబ్దమున లేని పనిముట్టు ముట్టరాదు. కథకై ఒక కల్పిత ప్రభువును, 1228 అను ఒక కల్పిత ప్రారంభ సంవత్సరమును పెట్టుకొనిరి. ఆ ప్రభువు పెద్ద ధనవంతుడు కాడు. కనుక కోటయు మితమైనదే. ఊహలోని యజమానికి గూడ ఆదాయవ్యయములు నిర్ణయించిన ఆ వివేకము నాకు మిక్కిలి నచ్చినది.

అచ్చటి పని మన విద్యార్థులు చూడదగినది. మేస్త్రీ చేతిలో టేపు లేదు; పదుమూడు ముడులు గల త్రాడున్నది. ముడులమధ్య పండ్రెండు సమానమైన ఎడములు. త్రాటి రెండు కొనలను కలిపి, మూడు, నాలుగు, ఐదు ఎడముల చొప్పున మూడు భుజములుగా బిగించి లాగినచో లంబకోణము దానంతట అదే ఏర్పడును. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదునారు, కూడిన ఇరువదియైదు. మన బోధాయనుని శుల్బసూత్రములును ఈ విద్యయే. శుల్బమనగా త్రాడే గదా! నల్లబల్లపై పైథాగరస్ సిద్ధాంతమును వల్లెవేయుటకు ముందు, పాఠశాల ఆవరణలో ఇట్టి త్రాడొకటి లాగించినచో బాలురు మరువరని నా నమ్మకము.

రాళ్ళను పైకెత్తుటకు పెద్ద కొయ్యచక్రము కలదు. మనుష్యుడు దాని లోపల నిలిచి, ఉన్నచోటనే నడచును. అతని నడకకు చక్రము తిరుగును, ఇరుసుపై త్రాడు చుట్టుకొనును, అర టన్ను రాయి నెమ్మదిగా లేచును. ఉడుతను పంజరములో ఆడించునట్లుండుటచే దానికి ఉడుతపంజరమని ముద్దుపేరు. కమ్మరి అచ్చటనే కూర్చుండి మొద్దువారిన ఉలులను సానపట్టును; ఆయన ఒకపూట రానిచో రాతిపని యంతయు నిలిచిపోవును. కమానులు కట్టునప్పుడు క్రింద కొయ్యదన్ను పెట్టుదురు; మన తాపీవారు సెంట్రింగు అనునది అదే. నడిమి తాళపురాయి బిగిసి, సున్నము గట్టిపడువరకు దన్ను తీయరు. తీయు క్షణముననే కమాను నిలుచునో కూలునో తేలును. ఏ పుస్తకము చదివినను ఆ క్షణపు గుండెదడ తెలియదు.

ఒక్క విషయమున మాత్రము పదమూడవ శతాబ్దము ఓడిపోయినది. చట్టము ప్రకారము పనివారు తలకు రక్షణటోపీ ధరింపవలెను. ఉడుతపంజరమునకు నేటికాలపు బ్రేకులు ఉండవలెను. పాతకాలపు మేస్త్రీలు ఎందరు జారిపడిరో ఎవ్వరును లెక్క వ్రాసియుంచలేదు.

గెడెలాన్‌కు నేడు ఏటేట లక్షలమంది వచ్చి టికెట్టు కొని చూతురు. ఆ సొమ్ముతోనే కోట లేచినది. ఇది కాలక్షేపమని మొదట పెదవి విరిచినవారు లేకపోలేదు. 2019 ఏప్రిల్ 15న ప్యారిస్‌లోని నోటర్‌డామ్ దేవళము పైకప్పు తగులబడినప్పుడు, ఓకు దూలములను యంత్రములతో గాక గొడ్డలితో చెక్కగలవారు కావలసివచ్చిరి. గెడెలాన్‌లో పని నేర్చిన వడ్రంగులు కొందరు ముందుకు వచ్చిరి. పచ్చికొయ్యను దాని నార వెంబడియే చెక్కి, పూర్వపు కప్పు ఎట్లుండెనో అట్లే ఎత్తి నిలిపిరి. 2024 డిసెంబరులో ఆ దేవళము తలుపులు మరల తెరచిన నాడు, జనులందరు తెల్లగా కడిగిన రాతికమానులను చూచిరి. ఆ కమానులపైన, క్రింద నిలిచినవారి కంటికి అందనిచోట, దూలములపై గొడ్డలి గాట్లు అట్లే యున్నవి.