చౌక టికెట్టుకు మనం చెల్లించే వెల

సంక్రాంతి జనవరిలో వచ్చినా, మరోదాలోని తెలుగు ఇళ్ళలో దాని సన్నాహం నవంబరు రెండవ వారంలోనే ఆరంభమవుతుంది. జనవరి 12వ తేదీ ప్రయాణానికి నవంబరు 13వ తేదీ ఉదయం ఎనిమిది గంటలకు రిజర్వేషను తెరుచుకుంటుంది. పూర్వం ఈ గడువు 120 రోజులు ఉండేది. 2024 నవంబరు 1 నుండి 60 రోజులకు తగ్గింది. ఆ ఉదయం మొదటి షిఫ్టులో ఉన్నవారు ఫోనును, పాస్‌వర్డును ఇంట్లోని పిల్లలకు అప్పగించి కర్మాగారానికి వెళతారు. సాయంత్రం వీధిలో ఎదురుపడిన వారి మొదటి పలకరింపు "దొరికాయా?" అనే! ఏమిటని ఎవరూ అడగరు.

మరోదాలోనే ఒక రైల్వే స్టేషను ఉన్నది. అయితే ఆ పట్టాలు దల్లీ రాజహరా వైపు పోతాయి. మన కర్మాగారానికి ఇనుప ఖనిజం వచ్చే దారి అది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వైపు వెళ్ళదలచిన మనం దుర్గ్‌లోనో, రాయపూర్‌లోనో బండి ఎక్కి, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా సాగిపోవాలి. 1950ల చివర కర్మాగార నిర్మాణానికి వచ్చిన మన పెద్దలు ఈ దారినే ఇక్కడికి చేరారు. వారికి టికెట్టు ధర అంటే ఒకటే ధర. కిటికీలోని గుమాస్తా చెప్పినది. నేడు ఒకే బండిలో, ఒకే తరగతిలో, పక్కపక్క బెర్తులలో ఉన్న ఇద్దరు వేర్వేరు ధరలు చెల్లించి ఉండవచ్చును. విమానంలోనైతే ఇది నిత్యకృత్యం.

ఈ వింతకు మూలం అమెరికాలో కనిపిస్తుంది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన చౌక ప్రత్యర్థి పీపుల్ ఎక్స్‌ప్రెస్‌ను ఎదుర్కొనుటకు ఒక ఉపాయం పన్నింది. ముందుగా కొని, తేదీ మార్చుకోలేని నిబంధనకు ఒప్పుకొన్నవారికి కొన్ని సీట్లు బాగా తక్కువకు ఇచ్చి, చివరి నిమిషంలో వచ్చే వ్యాపారస్థుల కొరకు మిగిలినవి పూర్తి ధరకు దాచింది. ఎన్ని సీట్లు ఏ ధరకు విడవాలో కంప్యూటరు లెక్క కట్టింది. విమానం ఎగిరిన తరువాత ఖాళీ సీటుకు విలువ సున్నా. ఆ సున్నాకు, పూర్తి ధరకు మధ్య జరిగే బేరమే నేటి రాయితీలన్నీ.

1998లో ప్రైస్‌లైన్ అనే సంస్థ ఈ బేరాన్ని ఇంటర్నెట్టులోకి తెచ్చింది. "మీ ధర మీరే చెప్పండి" అన్నది దాని పద్ధతి. ప్రయాణికుడు ఊళ్ళు, తేదీలు, తాను ఇవ్వగల మొత్తం తెలిపి, క్రెడిట్ కార్డు నంబరు ముందే ఇవ్వాలి. ఏదైనా విమానసంస్థ ఒప్పుకుంటే టికెట్టు వెంటనే అమ్ముడైపోతుంది. ఏ సంస్థ విమానమో, ఎన్ని గంటలకు బయలుదేరుతుందో, మధ్యలో ఎక్కడ ఆగుతుందో అప్పుడుగాని తెలియదు. మార్పు లేదు, వాపసు లేదు. గంతకు తగ్గ బొంత అనుకొని సర్దుకొనవలసిందే. విమాన టికెట్లకు ఆ పద్ధతిని 2016లో విరమించారు. మన దేశంలో ఎయిర్ సహారా కూడా 2000 దశకం తొలినాళ్ళలో ఇంటర్నెట్ వేలం నడిపి చూసింది. 2003లో మొదలైన ఎయిర్ దక్కన్ రూపాయి టికెట్టుతో దేశాన్ని ఆశ్చర్యపరచింది. రుసుములు, పన్నులు అదనమని తెలుసుకున్నాక ఆశ్చర్యం కొంత తగ్గింది. ఆ రెండు పేర్లూ నేడు ఆకాశంలో లేవు. మిగిలిన వేలమంతా, టికెట్టు కొన్నవారిని పై తరగతి సీటుకు ధర పాడమని కొన్ని సంస్థలు ఆహ్వానించడమే.

ఇక మా ఇంటి సంగతి. మా మేనకోడలి వివాహం హైదరాబాదులో నిశ్చయమైనప్పుడు, ఒక రాయితీ వెబ్‌సైటులో రాయపూర్ నుండి నాలుగు సీట్లు సగానికి సగం ధరకు కనిపించాయి. నిబంధనలు చదవకుండానే కొన్నాము. ఇరవై రోజుల తరువాత వియ్యాలవారి ఇంట మైల వచ్చి ముహూర్తం మారింది. టికెట్లు రద్దు చేయబోతే తెరపై వాపసు మొత్తం సున్నా అని చూపింది. దిగులుతో కూర్చున్న మాకు, విమానయాన వ్యవహారాలు తెలిసిన ఒక సహోద్యోగి చెప్పిన మాట మేలు చేసింది: వాపసు లేని టికెట్టు అయినా, చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు ప్రయాణికునికి తిరిగి చెల్లించవలసినదేనని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధన ఉన్నది. ఆ నిబంధనను ఉటంకిస్తూ రెండు ఉత్తరాలు వ్రాసిన మీదట ఆ భాగం చేతికి వచ్చింది. చౌక టికెట్టులో పన్నుల పాలు ఎక్కువ గనుక, అది తీసివేయదగిన మొత్తం కాదు. అయినా మారిన ముహూర్తానికి మళ్ళీ కొన్న టికెట్లతో కలిపి చూస్తే, మొదటనే పూర్తి ధరకు కొని ఉంటే ఎంతో ఆదా అయ్యేది.

అప్పటి నుండి మేము ఏ రాయితీని చూసినా ఒక ప్రశ్న వేసుకుంటున్నాము: ఈ తగ్గింపుకు బదులుగా మన వద్ద ఏమి కొంటున్నారు? దాదాపు ప్రతిసారీ కొనేది మన వెసులుబాటునే. తేదీ మార్చుకునే హక్కు, వేళ ఎంచుకునే హక్కు, అసలు వెళ్ళకుండా ఉండే హక్కు. షిఫ్టు ఉద్యోగి వద్ద ఈ సరుకు తక్కువ. సెలవు మంజూరు కావాలి. మరమ్మతు పనుల తేదీలు జరగకూడదు. బదులు పనిచేసే మనిషి దొరకాలి. తన అధీనంలో లేని తేదీని అమ్ముకున్నవాడు చివరకు నష్టపోతాడు.

2025లో రైల్వేశాఖ ప్రకటించిన రానుపోను రాయితీనే చూడండి. అక్టోబరు 13 నుండి 26 వరకు వెళ్ళి, నవంబరు 17 నుండి డిసెంబరు 1 లోపు తిరిగి వచ్చేవారికి, తిరుగు ప్రయాణపు మూల ఛార్జీలో 20 శాతం తగ్గింపు. రెండు టికెట్లూ ఒకే తరగతి, ధ్రువీకరింపబడినవి కావాలి. మార్పులు, వాపసు లేవు. వారం రోజుల సెలవుపై దీపావళికి వెళ్ళే ఉద్యోగికి ఇది ఎందుకూ కొరగాదు. మా వీధిలోని విశ్రాంత ఉద్యోగి దంపతులకు మాత్రం చక్కగా ఒప్పింది. వయోవృద్ధులకు పురుషులకు 40, స్త్రీలకు 50 శాతంగా ఉండిన రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయిన తరువాత, వారు రైలు ఛార్జీలో పొందిన మొదటి తగ్గింపు ఇదేనట.

రైలులో వేలం లేదనుకుంటాము గాని, వేలం వంటిది ఉన్నది. 2016 సెప్టెంబరు 9న రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో ప్రవేశపెట్టిన ఫ్లెక్సీ ఛార్జీలో, ప్రతి పది శాతం బెర్తులు అమ్ముడైన కొద్దీ మూల ఛార్జీ పది శాతం చొప్పున ఒక పరిమితి వరకు పెరుగుతుంది. దుర్గ్ మీదుగా పోయే బిలాస్‌పూర్ రాజధానిలో ఢిల్లీ వెళ్ళదలచినవారు మొదటి రోజే కొనడం మేలు. ఇందుకు విరుద్ధంగా 2023 జూలైలో, సగం కూడా నిండని బండ్లలోని ఏ.సి. కూర్చునే తరగతులకు 25 శాతం వరకు తగ్గింపు ఇచ్చే అధికారాన్ని జోన్లకు అప్పగించారు. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్ – విశాఖపట్నం వందే భారత్ పగటి బండి. ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి విశాఖ చేరుస్తుంది. సమతా ఎక్స్‌ప్రెస్ స్లీపరుతో పోలిస్తే ఛార్జీ అధికమే. అయితే ఒక పూట సెలవు మిగలడాన్ని కూడా లెక్కలో చేర్చాలి. తత్కాల్ సంగతి వేరు. ధ్రువీకరింపబడిన తత్కాల్ టికెట్టును మనం రద్దు చేసుకుంటే పైసా రాదు. ఊరిలో తల్లికి జబ్బు చేసిందని కబురు వచ్చినప్పుడు ఎవరూ రాయితీల కోసం వెదకరు. అటువంటి రోజు కొరకు, పండుగ టికెట్లలో మిగిల్చిన నాలుగు రూపాయలు పక్కన పెట్టే గృహిణులు మన మరోదాలో ఉన్నారు.

మరొక విషయం చెప్పక తప్పదు. వాపసు రాలేదని ఇంటర్నెట్టులో సహాయ కేంద్రం నంబరు వెదికేవారి కోసమే మోసగాళ్ళు దొంగ నంబర్లు పరచి ఉంచుతున్నారు. ఫోను ఎత్తిన వ్యక్తి ఎంత మర్యాదగా మాట్లాడినా, ఓ.టి.పి. అడిగినా, ఏదో యాప్ దించుకోమన్నా వెంటనే సంభాషణ ముగించాలి. సొమ్ము పోయినచో జాతీయ సైబర్ నేరాల నంబరు 1930కి ఆ గంటలోనే చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. మోసపోయానని ఇంట్లో చెప్పడానికి మొగమాటపడి ఆ గంటను పోగొట్టుకున్నవారున్నారు.

పైన చెప్పిన దంపతులు నవంబరు మూడవ వారంలో బొబ్బిలి నుండి తిరిగి వచ్చారు. మిగిలిన డబ్బుతో భీమాళి మామిడి తాండ్ర కొని వీధిలో ఇంటింటికీ పంచారు. లెక్క సరిచూస్తే తాండ్రకే ఎక్కువ ఖర్చయిందని ఆ ఇల్లాలు నవ్వుతూ చెప్పింది.