ఆటస్థలమున అందరికిని చోటు

బడిలో ఆటల గంట మ్రోగగానే బాలబాలికలు మైదానమునకు పరుగెత్తుదురు. చెట్టు నీడను మాత్రము ఒకరిద్దరు మిగిలిపోవుదురు. ఒకనికి కాలు బలహీనము. ఒకనికి చూపు తక్కువ. ఒక బాలికకు చెప్పిన మాట వెంటనే బోధపడదు. తోటివారి చెప్పులను, పుస్తకములను కాచుటయే వారి వ్యాయామ విద్య యగుచున్నది.

మేము తెలుగు బోధించువారమే యైనను, అప్పుడప్పుడు ఆటల గంటను గూడ నడపవలసి వచ్చినది. కాలు బలహీనమైన ఒక బాలునికి రెండు సంవత్సరములు గెలుపు లెక్కలు వ్రాయు పనినే అప్పగించితిమి. అది దయ యని తలచితిమి. ఒకనాడు బంతి దొర్లి అతని చెంతకు వచ్చినది. అతడు దానిని వెంటనే విసరక కొంతసేపు చేతులతో పట్టుకొని కూర్చుండెను. మేము చేసినది దయ కాదని ఆనాడు తెలిసికొంటిమి.

షోలాపురమున నేతవారి వాడలలో ఇండ్లు ఇరుకు, సందులు ఇరుకు. పిల్లలు స్వేచ్ఛగా కాలుసేతులాడించుటకు బడి మైదానమే దిక్కు. అక్కడను చోటు దొరకని బిడ్డ మరెక్కడ ఆడగలడు?

“ఈ బిడ్డ ఈ ఆట ఆడగలడా?” అని మేము ప్రశ్నించుచుంటిమి. “ఈ ఆటను ఎట్లు మార్చిన ఈ బిడ్డ ఆడగలడు?” అని ప్రశ్నింపవలెను. నేతగాని కాలు త్రొక్కుడు కర్రకు అందనిచో అతనిని మగ్గమునుండి లేపివేయము. పీటనో కర్రనో సరిచేయుదుము. ఆటకును న్యాయము అదియే.

ఆటలో మార్పదగినవి ముఖ్యముగా నాలుగు: స్థలము, చేయవలసిన పని, సాధనము, జట్టు. మన పిల్లలెల్లరు ఎరిగిన ఖోఖోనే ఉదాహరణముగా గైకొందము. రెండు స్తంభముల నడుమ సుమారు 24 మీటర్ల దూరముండుట పెద్దల ఆటలోని నియమము. బడిలో దానిని తగ్గింపవచ్చును. నడక కష్టమైన బాలుడు తరుముటకు లేచినప్పుడు, పరుగెత్తువారు మైదానమున ఒక సగములోనే ఉండవలెనని నియమింపవచ్చును. చెవులు వినబడని బాలికకు “ఖో” యను కేక అందకపోయినను, వెన్నుపై చేతి స్పర్శ అందును. ఈలకు బదులు రంగు గుడ్డ ఊపిన చాలును. ఆలస్యముగా గ్రహించు బిడ్డకు నియమములన్నియు ఒక్కసారి చెప్పరాదు. స్పర్శ తగులగానే లేచుట ఒకనాడు, ఏ దిక్కునకు పరుగెత్తవలెనో మరునాడు, చేసి చూపుచు నేర్పవలెను. చూపు తక్కువైన వానికి మువ్వలు గల బంతిని, ముదురు రంగు బంతిని ఈయవచ్చును. పరుగు పందెములో తోటివాడొకడు చిన్న త్రాటి కొననొకదానిని పట్టుకొని వెంట పరుగెత్తవచ్చును.

ఇవి కేవలము బడి పిల్లల కొరకు కల్పించిన వెసులుబాట్లు కావు. కూర్చుండి ఆడు వాలీబాల్ 1980 నుండి పారాలింపిక్ క్రీడలలో ఉన్నది. అందు వల ఎత్తు పురుషులకు 1.15 మీటర్లు, స్త్రీలకు 1.05 మీటర్లు మాత్రమే. మన మహారాష్ట్రమునకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సైనికుడుగా 1965 యుద్ధమున గాయపడి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్ క్రీడలలో ఈతయందు స్వర్ణ పతకము గెలిచెను. మన నేత కుటుంబములు అనేకము తరలివచ్చిన తెలంగాణమున, వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన దీప్తి జీవాంజి, మేధోపరమైన వైకల్యము కలిగియు, 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగును 55.82 సెకండ్లలో ముగించి కాంస్య పతకము సాధించెను. చెట్టు నీడను కూర్చుండబెట్టి యుండినచో ఆ పరుగు ఎవరికి తెలిసెడిది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. చదువుతోపాటు ఆటలయందును ఇతరులతో సమానమైన అవకాశము విద్యాలయములు కల్పింపవలెనని దాని 16వ విభాగము చెప్పుచున్నది. కావున ఇది ఉపాధ్యాయుని దయాధర్మము కాదు, బిడ్డ హక్కు.

అయినను కొన్ని జాగ్రత్తలు అవసరము. ఉబ్బసము, గుండె జబ్బు, మూర్ఛ గల బిడ్డల విషయమున వైద్యుని సలహా ముందుగా పొందవలెను. ఏ మార్పు కావలెనో ఆ బిడ్డనే అడుగవలెను. గెలుపును భిక్షగా పెట్టరాదు. అది భిక్షయని పిల్లలు ఇట్టే కనిపెట్టుదురు. ఒకని బలమును ఇంకొకనితో పోల్చక, నిన్న ఎంత దూరము విసరెను, నేడు ఎంత దూరము విసరెనని చూడవలెను.

పిదప మేమొక ప్రయత్నము చేసితిమి. రెండు గుంజలకు త్రాడు కట్టి, దానిపై షోలాపురపు తువాళ్లు వ్రేలాడదీసి, తరగతి యంతటిని నేలపై కూర్చుండబెట్టి వాలీబాల్ ఆడించితిమి. వేగముగా పరుగెత్తు బాలురు కూర్చుండి కదలలేక తడబడిరి. లెక్కలు వ్రాసిన ఆ బాలుడు చేతుల బలముతో చురుకుగా జరుగుచు బంతిని అందుకొనెను. మరునాడు అతని జట్టులో చేరుటకు తోటివారే ముందుకు వచ్చిరి.

విద్యార్థులారా! ఆటల గంట మ్రోగినప్పుడు మీలో ఎవరైన చెట్టు నీడను మిగిలియున్నచో, వారిని పిలువుడు. ఆటను ఎట్లు మార్చవలెనో వారితో కలిసి ఆలోచింపుడు. ఆ మార్పు మీ ఉపాధ్యాయులకు తోచకపోయినను మీకు తోచవచ్చును.