పత్తి పూల ఫోటోలు: సహజ కాంతిలో పాటించవలసిన మెలకువలు

పత్తిలో గులాబీ రంగు పురుగు ఉనికిని ముందుగా తెలిపేది గుడ్డిపువ్వు. లార్వా ఆకర్షక పత్రాలను దారాలతో అల్లివేయడం వలన పువ్వు విచ్చుకోదు. ఫోటోను చూసి సలహా ఇవ్వవలసి వచ్చినప్పుడు దాని స్పష్టతే నిర్ణయానికి ఆధారం.

పత్తి పువ్వు ఉదయం లేత రంగులో విచ్చుకొని, మరునాటికి గులాబీ రంగుకు మారి ముడుచుకొంటుంది. దీనిని గుడ్డిపువ్వుగా పొరబడే అవకాశముంది. పైగా సాయంత్రపు ఎండ లేత పువ్వుకు సైతం ఎర్రని ఛాయనిస్తుంది. కావున పూలు విచ్చిన తరువాత, ఉదయం 10 గంటల ప్రాంతంలో ఫోటో తీయాలి.

ఎండ తీవ్రంగా ఉంటే పలుచని తెల్లని వస్త్రాన్ని అడ్డుగా పట్టాలి. నీడ పడిన వైపు తెల్ల కాగితం ఉంచితే పువ్వు లోపలి భాగం కనిపిస్తుంది. ఫ్లాష్ వాడితే లేత రేకులపై వివరాలు చెరిగిపోతాయి. గాలికి కదలకుండా కాడను పట్టుకొని, మసకబారేంత దగ్గరకు వెళ్లి కొద్దిగా వెనుకకు జరగాలి. మొదట మొక్కను, తరువాత పువ్వును, చివరగా రేకులు విప్పి లోపలి లార్వాను స్కేలుతో కలిపి తీయాలి.

అయితే ఫోటో పురుగు ఉనికిని చూపుతుందే గాని ఉధృతిని చూపదు. చేనంతా తిరిగి 100 పూలను పరిశీలించాలి. వాటిలో 10 గుడ్డిపూలుంటేనే మందు పిచికారీ అవసరం.