గుణదల కొండకు లక్షల మంది భక్తులు.. మరియమాత దర్శనాలపై వాటికన్ మాటకు అర్థమేమిటి?

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలోని గుణదల కొండ జనసంద్రమవుతుంది. లూర్దు మాత ఉత్సవాలని చర్చి రికార్డుల్లో ఉన్నా ప్రజల నోట అవి గుణదల మాత తిరునాళ్లే. కొందరు తలనీలాలు సమర్పిస్తారు, కొందరు కొబ్బరికాయలు కొడతారు, కొందరు కొవ్వొత్తులు వెలిగించి జపమాల చెప్పుకొంటూ కొండ మెట్లెక్కుతారు. శిఖరాన ఉన్న సిలువ వరకు వెళ్లేవారిలో క్రైస్తవేతరులూ ఎక్కువే.

ఇంతమంది వచ్చే ఈ కొండపై మరియమాత ఎవరికైనా కనిపించారా? లేదు. గుణదలలో మాత దర్శనం జరిగినట్లు కథోలిక చర్చి చెప్పడం లేదు. ఇక్కడి కథ ఒక విగ్రహంతో మొదలైంది. 1920వ దశకంలో గుణదల సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమాన్ని నిర్వహిస్తున్న ఇటలీ మిషనరీ ఫాదర్ ఆర్లాటి లూర్దు మాత ప్రతిమను కొండపై ప్రతిష్ఠించారు. దాని చుట్టూ ప్రార్థనలు, మొక్కులు, ఉత్సవం పెరుగుతూ వచ్చాయి. దర్శనం జరిగిందంటున్న చోటు ఫ్రాన్స్‌లోని లూర్దు. గుణదల దాని ప్రతిబింబం.

తెలుగులో ఈ తేడా సులువుగా చెరిగిపోతుంది. గుడికి వెళ్లి దేవుణ్ణి చూడటమూ దర్శనమే, దేవుడు భక్తుడికి ప్రత్యక్షం కావడమూ దర్శనమే. భక్తుడు మాతను దర్శించుకోవడం యాత్ర. మాత దర్శనమిచ్చిందనడం విచారణ చేయాల్సిన వాంగ్మూలం. వాటికన్ నుంచి వచ్చే వార్తలు తెలుగులోకి మారేటప్పుడు జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి.

లూర్దులో జరిగింది ఏమిటి?

1858 ఫిబ్రవరి 11న పైరనీస్ పర్వత ప్రాంతంలోని లూర్దు పట్టణంలో, పుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన 14 ఏళ్ల బెర్నదెత్ సుబీరూ అనే పేద బాలిక నది ఒడ్డున ఉన్న మసబియేల్ గుహలో తెల్లని దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీని చూశానని చెప్పింది. జూలై 16 వరకు మొత్తం 18 సార్లు ఆ దర్శనం కలిగిందన్నది ఆమె వాంగ్మూలం. పోలీసులు ప్రశ్నించారు. అధికారులు కొంతకాలం గుహను మూసివేయించారు. స్థానిక మతగురువు సైతం మొదట నమ్మలేదు. కనిపించిన స్త్రీ తాను జన్మపాపరహితోద్భవినని చెప్పిందని బాలిక మార్చి 25న ఆయనకు తెలిపింది. మరియ జన్మపాపం అంటకుండా ఉద్భవించిందని పోప్ అంతకు నాలుగేళ్ల ముందే, 1854లో, సిద్ధాంతంగా ప్రకటించారు. చదువురాని పిల్లకు ఆ మాట ఎలా తెలిసిందని విశ్వాసులు ఆశ్చర్యపోతే, చర్చిలో అప్పటికే వినిపిస్తున్న మాటే కదా అని సంశయవాదులు బదులిచ్చారు.

టార్బ్ బిషప్ లారెన్స్ విచారణ సంఘాన్ని నియమించి, 1862 జనవరి 18న దర్శనాలు నిజమేనని, విశ్వాసులు వాటిని నమ్మడం సమంజసమేనని ప్రకటించారు. అయినా కథోలికులు లూర్దును నమ్మి తీరాలన్న నిబంధన నాడూ లేదు, నేడూ లేదు. క్రీస్తులో దైవ ప్రకటన సంపూర్ణమైందని, తర్వాతి కాలపు దర్శనాలన్నీ 'వ్యక్తిగత ప్రకటనలు' మాత్రమేనని, అవి విశ్వాస నిధిలో భాగం కావని కథోలిక సత్యోపదేశం 67వ పేరా చెబుతుంది. లూర్దును నమ్మని కథోలికుడు కథోలికుడిగానే ఉంటాడు. ఈ సంగతి తిరునాళ్ల ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది.

ఆమోదమా, నిరభ్యంతర పత్రమా?

2024 మే 17న వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం కొత్త నియమాలు విడుదల చేసింది. అవి 1978 నాటి నియమాల స్థానంలోకి వచ్చాయి. అంతకుముందు స్థానిక బిషప్ విచారించి 'ఇది దైవికమే' అని ప్రకటించే వీలుండేది. ఇకపై సాధారణంగా అటువంటి ప్రకటన ఉండదు. పోప్ ప్రత్యేకంగా అనుమతిస్తేనే ఆ మాట అనవచ్చు. దాని బదులు ఆరు రకాల నిర్ణయాలను పేర్కొన్నారు. వాటిలో అత్యంత సానుకూలమైన దానికి లాటిన్‌లో 'నిహిల్ ఓబ్‌స్టాట్' అని పేరు. అడ్డు చెప్పేదేమీ లేదని దాని భావం. చివరి మెట్టు, దైవికం కాదని స్పష్టంగా ప్రకటించడం. మధ్యలోవి జాగ్రత్త నుంచి నిషేధం దాకా సాగే అంచెలు. బిషప్ తన నిర్ణయాన్ని ప్రకటించే ముందు వాటికన్ అంగీకారం పొందాలి.

మున్సిపల్ కార్యాలయం చుట్టూ తిరిగిన తెలుగు పాఠకుడికి దీన్ని వివరించడం కష్టం కాదు. నిహిల్ ఓబ్‌స్టాట్ అంటే ఎన్‌ఓసీ. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఇచ్చిందంటే ఆ భవనం అందంగా ఉందని ఆ శాఖ ధ్రువీకరించినట్లు కాదు. అలాగే 'అక్కడ ప్రార్థించుకోవచ్చు, మంచి ఫలాలు కనిపిస్తున్నాయి' అనడం వేరు, 'అక్కడ మాత కనిపించింది' అనడం వేరు. వార్తా శీర్షికల్లో రెండింటికీ కలిపి 'వాటికన్ గుర్తింపు' అని రాసేస్తే రెండో అర్థమే పాఠకుడి మనసులో నిలుస్తుంది.

బోస్నియా-హెర్జెగోవినాలోని మెజుగోరియె దీనికి పెద్ద ఉదాహరణ. 1981 జూన్ నుంచి అక్కడ ఆరుగురు తమకు మరియమాత కనిపిస్తోందని చెబుతూ వచ్చారు. నాలుగు దశాబ్దాలకు పైగా కోట్లాది యాత్రికులు, అనేక వివాదాల తర్వాత 2024 సెప్టెంబరు 19న వాటికన్ ఆ భక్తికి నిరభ్యంతరం ప్రకటించింది. దర్శనాలు నిజమని మాత్రం తేల్చలేదు. ఇటలీలోని త్రెవిన్యానో రోమానోలో కథ మరోలా ముగిసింది. రక్తాశ్రువుల విగ్రహం, నెలనెలా సందేశాలు అంటూ జరిగిన ప్రచారంలో దైవికమేదీ లేదని స్థానిక బిషప్ 2024 మార్చిలో ప్రకటించగా, వాటికన్ ఆ తీర్పును సమర్థించింది.

ఇంత కట్టడి ఎందుకన్నది కొత్త నియమాల్లోనే ఉంది. దర్శనాల పేరిట డబ్బు, అధికారం, కీర్తి సంపాదించే ప్రమాదాన్ని అవి ప్రస్తావించాయి. దైవానుభవం పేరు చెప్పి మనుషులను లొంగదీసుకోవడం, వేధించడం నైతికంగా మరింత తీవ్రమైన నేరమని పేర్కొన్నాయి.

వేళాంకణి మాట

తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎందరో వెళ్లే తమిళనాడులోని వేళాంకణిలో లిఖిత విచారణ కంటే జనశ్రుతే బలమైనది. పాలు తీసుకువెళ్తున్న పిల్లవాడు, మజ్జిగ అమ్మే కుంటి బాలుడు, తుపానులో చిక్కి ఒడ్డుకు చేరిన పోర్చుగీసు నావికులు.. ఈ మూడు గాథలపైనే ఆ క్షేత్రం నిలిచింది. 1962లో దానికి బసిలికా హోదా దక్కింది. 2024 ఆగస్టు 1న కార్డినల్ విక్టర్ మాన్యుయెల్ ఫెర్నాండెజ్ తంజావూరు బిషప్‌కు రాసిన లేఖలో ఆ భక్తిని మెచ్చుకున్నారు. క్రైస్తవేతరులు అక్కడికి రావడాన్ని మతాల కలగలుపుగా చూడనక్కర్లేదని అన్నారు. తలనీలాలను, కొబ్బరికాయలను చూసి ఇబ్బంది పడే కథోలికులకూ అందులో జవాబు ఉంది.

స్వస్థతల లెక్క

యాత్రకు వెళ్లే చాలామందికి ఈ చర్చలేవీ పట్టవు. వారిని నడిపించేది ఇంట్లోని జబ్బు. లూర్దు ఉత్సవ దినమైన ఫిబ్రవరి 11నే చర్చి 1993 నుంచి ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తోంది. లూర్దులో స్వస్థత వాదనలను పరిశీలించే వైద్య కార్యాలయం 19వ శతాబ్దం నుంచీ ఉంది. ఇప్పటిదాకా 7 వేలకు పైగా కేసులు దాని దగ్గర నమోదు కాగా, అద్భుతాలుగా చర్చి ప్రకటించినవి 2025 ఏప్రిల్ నాటికి 72 మాత్రమే. వైద్యులు చెప్పేది 'ప్రస్తుత వైద్య విజ్ఞానంతో వివరించలేం' అన్నంత వరకే. అద్భుతమా కాదా అన్నది బిషప్ చెప్పాలి. 70వ కేసులో ఫ్రెంచ్ సన్యాసిని బెర్నదెత్ మోరియో 2008లో కోలుకుంటే, ఆ ప్రకటన 2018లో వెలువడింది. పదేళ్లు పట్టింది. మందులు మానేసి మొక్కుకోమనే ప్రచారకులకు, ఈ పద్ధతికి పోలికే లేదు.

ఈ లెక్కను రెండు వైపులా వాడుకున్నారు. 1892లో లూర్దుకు వెళ్లిన ఎమిల్ జోలా రెండేళ్లకు అదే పేరుతో నవల రాశారు. అందులో స్వస్థత పొందినట్టు కనిపించిన క్షయ రోగికి వ్యాధి తిరగబెడుతుంది. ఆ పాత్రకు ఆధారమైన మహిళ మాత్రం నవల వచ్చాక కూడా చాలా ఏళ్లు బతికారు. ఆమె కోలుకోవడం దేనివల్ల అన్నది వేరే ప్రశ్న. ఇన్నివేల కేసుల్లో కొన్ని తమంతట తామే తగ్గడం సహజమేనని హేతువాదులు నేటికీ వాదిస్తారు.

కోస్తా జిల్లాల్లో అసలు విభేదం క్రైస్తవుల మధ్యనే ఉంది. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, పెంతెకొస్తు సంఘాలవారు విగ్రహం ముందు మోకరించడాన్ని, మరియను మధ్యవర్తిగా ప్రార్థించడాన్ని అంగీకరించరు. దేవునికి, మనుషులకు మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనన్నది వారి వాదం. తాము మరియను ఆరాధించడం లేదని, తమ కోసం ప్రార్థించమని అడుగుతున్నామని కథోలికుల సమాధానం. వియ్యమందిన కుటుంబాల్లో ఫిబ్రవరి వచ్చిందంటే ఈ వాదన మళ్లీ మొదలవుతుంది. మరియకు 'సహ విమోచకి' అనే బిరుదు వాడటం తగదని 2025 నవంబరు 4న వాటికన్ ప్రకటించడం ప్రొటెస్టెంట్ల అభ్యంతరాల్లో ఒకదాన్ని కొంత తగ్గించింది. విగ్రహాల విషయంలో మాత్రం ఇరువర్గాలూ ఎక్కడివారక్కడే ఉన్నారు.