క్రీస్తుకుల ఆశ్రమ ప్రార్థనాలయం

తిరుపత్తూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఊరు. 2019లో వేలూరు జిల్లాను విభజించినప్పుడు అది కొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైంది. అక్కడి క్రీస్తుకుల ఆశ్రమంలో ఒక ప్రార్థనాలయం ఉంది. దూరం నుండి చూసినవారు దానిని దేవాలయమనే అనుకుంటారు. గోపురం మీది సిలువను చూసిన తరువాత గాని అది క్రైస్తవులదని తెలియదు.

ఈ ఆశ్రమాన్ని 1921లో ఇద్దరు వైద్యులు స్థాపించారు. ఒకరు తమిళుడైన సవరిరాయన్ జేసుదాసన్. మరొకరు స్కాట్లాండు దేశస్థుడైన ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్. ఆశ్రమంలో జేసుదాసన్ పెరియణ్ణన్, అనగా పెద్దన్న, పేటన్ చిన్నణ్ణన్. తెల్లవారు పెత్తనం చేసే ఆ రోజులలో పెద్దన్న స్థానం భారతీయునికి దక్కడం చిన్న విషయం కాదు. ఇద్దరూ బ్రహ్మచారులుగా ఉండి, ఖద్దరు ధరించి, పేదలకు వైద్యం చేశారు. 1932లో మద్రాసులో విదేశీ వస్త్రాల దుకాణం వద్ద పికెటింగు జరిగినప్పుడు ఖద్దరు కట్టిన పేటన్‌ను పోలీసులు లాఠీలతో కొట్టారు. ఆ సంగతి బ్రిటిష్ పార్లమెంటులో సైతం చర్చకు వచ్చింది.

ఆ కాలపు చర్చీలు చాలావరకు ఐరోపా పద్ధతిలో వెలిశాయి. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి గోథిక్ శైలిలోనిదే. తిరుపత్తూరు వారు ద్రావిడ శైలిని ఎన్నుకున్నారు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. దేవాలయంలో గర్భగుడి చిన్నది, చీకటిది. భక్తులు ఒకరి వెనుక ఒకరు వచ్చి దర్శనం చేసుకొని వెళతారు. క్రైస్తవులు అందరూ ఒకేసారి కూడి ప్రార్థిస్తారు. కాబట్టి ఇటువంటి కట్టడంలో గర్భగుడి కన్న మండపమే ముఖ్యం. విగ్రహం ఉండదు. చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చుంటారు.

మండపాల నిర్మాణంలో మరొక పరిమితి ఉంది. రాయి ఎంత బరువునైనా మోస్తుంది గాని, పొడవైన రాతిదూలం నడుమ విరుగుతుంది. అందుకే దేవాలయ మండపాలలో స్తంభాలు దగ్గర దగ్గరగా నిలుస్తాయి. గోథిక్ చర్చీలో కమానులు బరువును పక్కలకు మళ్ళించడం వల్ల నడుమ విశాలమైన ఖాళీ మిగులుతుంది.

ఇటువంటి కట్టడాలను ఒప్పుకోని క్రైస్తవులూ ఉన్నారు. వారికి అవి గుడిలా కనిపించడమే అభ్యంతరం. అయినా ఈ ప్రయత్నం ఒక్క తిరుపత్తూరులోనే జరగలేదు. తెలుగునాట డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన పెద్ద చర్చిలో హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులు మూడూ కలిశాయి. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది.